బీరువా తెరిచాం, చూసుకోండి!

మా ఇంట్లో ఒక వీడియో క్యాసెట్ ఉండేది. దానిమీద మా నాన్న తన గుండ్రటి అక్షరాలతో 'తాతగారి షష్టిపూర్తి - చెరపరాదు' అని రాసి, 'చెరపరాదు' కింద ఎర్రసిరాతో రెండు గీతలు కొట్టారు. అంతటితో ఊరుకోక క్యాసెట్ అంచున ఉండే ప్లాస్టిక్ నాలుక కూడా విరిచేశారు. అది విరిస్తే ఇక దానిమీద ఏమీ రికార్డు కాదని షాపువాడు చెప్పాడు. ఆ కన్నం మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే మళ్లీ భేషుగ్గా రికార్డవుతుందని అదే షాపువాడు మా బాబాయికి చెప్పాడు. 1996 మార్చి 9న బెంగళూరులో ఇండియా-పాకిస్తాన్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. పాకిస్తాన్ బ్యాటింగుకి దిగేసరికి బాబాయి చేతికి సెల్లోటేపు దొరికింది. ఇప్పుడు ఆ టేపు పెడితే తాతగారు పీటలమీద కూర్చుని, మైకులో రెండు మాటలు మాట్లాడదామని గొంతు సవరించుకుంటారు. ఆ మాటలు వచ్చేలోగా సయీద్ అన్వర్ గార్డు తీసుకుంటుంటాడు. మా వంశచరిత్రలో అమీర్ సొహైల్ వికెట్ పదిలంగా ఉంది. తాతగారి గొంతే లేదు.

అందుచేత దూరదర్శన్ వాళ్లు పాత టేపులు చెరిపి మళ్లీ వాడుకున్నారని ఎవరైనా పళ్లు కొరికితే నేను వాళ్లతో గొంతు కలపను. టేపు అప్పట్లో ఖరీదైన దిగుమతి సరుకు. మొదటి రోజుల్లో చాలా కార్యక్రమాలు నేరుగా గాలిలోకి వెళ్లేవి, గాలిలోనే కలిసేవి. పాపం మనవాళ్లొక్కరిదే కూడా కాదు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన రాత్రి బీబీసీ తన స్టూడియో నుంచి నడిపిన ప్రసారం టేపు బీబీసీ దగ్గరే లేదు. 'డాక్టర్ హూ' అని వాళ్ల పిల్లలూ పెద్దలూ ప్రాణం పెట్టే ధారావాహికలో వంద దాకా భాగాలు ఇలాగే మాయమయ్యాయి. అంతెందుకు, అపోలో 11 పంపిన అసలు టేపుల్ని చెరిపేసి వేరే పనులకు వాడుకున్నట్టేనని 2009లో నాసాయే తేల్చింది. చంద్రమండలానికే దిక్కులేకపోతే మా తాతగారి షష్టిపూర్తి ఎంత!

నా పేచీ చెరిపినందుకు కాదు. మిగిలినదాన్ని చూపించి 'తెరిచాం' అంటున్నందుకు.

ఈ తెరవడం అనే వేడుకను మీరు గమనించే ఉంటారు. కొన్నేళ్లకొకసారి అదే పాత టేపుల బీరువాను మళ్లీ తెరుస్తారు. ఒకసారి డీవీడీలుగా తెరిచారు. ఒకసారి యూట్యూబ్‌లో 'ప్రసార భారతి ఆర్కైవ్స్' అని తెరిచారు. 2024 నవంబరు 20న గోవా చలనచిత్రోత్సవంలో 'వేవ్స్' అనే ఓటీటీగా తెరిచారు. ప్రతిసారీ దీపం, ప్రతిసారీ చప్పట్లు, ప్రతిసారీ 'జాతి సంపద' అనే మాట. నిజంగా తెరిచిన తలుపును ఇన్నిసార్లు ఎలా తెరుస్తారన్నది భౌతికశాస్త్రం తేల్చాల్సిన సంగతి.

అన్యాయంగా మాట్లాడకూడదు. అక్కడ పెట్టిన కచేరీలను నేను అర్ధరాత్రి దాకా వింటాను. పెట్టినవాళ్ల చేతులకు దండం కూడా పెడతాను. కానీ పెట్టినవి ఇవీ అని తెలుస్తోంది గానీ, దేనిలోంచి తీసి పెట్టారో ఆ మొత్తం మాటేమిటి? మా వీధి చివర రేషన్ షాపు ఉంది. ఆ డీలర్ గురించి ఊళ్లో చెప్పుకునేవన్నీ ఇక్కడ రాయలేను. అయినా సరే, అతని షాపు ముందు ఒక నల్లబోర్డు ఉంటుంది. బియ్యం ఇన్ని క్వింటాళ్లు, పంచదార ఇంత, నిల్వ ఇంత. అంకెలు నిజమా కాదా అన్నది తర్వాత. బోర్డు మాత్రం ఉంటుంది. నిలదీయడానికి మనకు అంటూ ఒక అంకె ఉంటుంది.

ఆర్కైవ్ అనగానే మనకు గుర్తొచ్చేలా చేసిన పేరు 'రామాయణ్'. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే మార్చి 28 నుంచి మళ్లీ వేశారు. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్లమంది చూశారని, ఇది ప్రపంచ రికార్డని దూరదర్శనే చాటింపు వేసింది. అంకె మీద తర్వాత తగువులొచ్చాయి, అది వదిలేయండి. వినోదమంతా అంతకు ముందు ఉంది. మళ్లీ వేయండని జనం అడిగినప్పుడు, హక్కుదారులతో మాట్లాడుతున్నామని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి జవాబిచ్చింది. అవును మరి, అది దాన్ని తీసిన రామానంద్ సాగర్ కుటుంబం సొత్తు! ఊరందరినీ పిలిచి 'మా వంశపు కాసులపేరు చూడండి' అని గర్వంగా చూపించిన నగ పక్కింటి పిన్నిగారిదన్నమాట. సొంత నగలు ఏ పెట్టెలో ఉన్నాయో, ఉన్నాయో లేదో, అది మాత్రం చెప్పరు.

ఆ సొంత నగల్లో మన తెలుగువి కొన్ని ఉండాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఈ దేశంలో ఒక వింత జరిగింది. అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. 'సైట్' ప్రయోగం అంటారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరెంటు దీపం సరిగ్గా వెలగని ఊళ్లో, కోళ్ల దొడ్డికి కట్టే ఇనపవలతో చేసిన పది అడుగుల గొడుగు నేలమీద నిలబెట్టి, అంతరిక్షంలోంచి తెలుగు దింపారు. ఆ కార్యక్రమాలు తయారు చేయడానికి ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాదులోనూ ఒక నిర్మాణ కేంద్రం పెట్టారు. దానికి రెండేళ్ల తర్వాతగానీ, 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలు కాలేదు. అంటే తెలుగు టీవీ పట్నంలో పుట్టి పల్లెకు పాకలేదు. ఆకాశంలోంచి తిన్నగా పల్లెలో దిగి, తర్వాత రామంతాపూర్ చేరింది. ఇంత విడ్డూరమైన పుట్టుక ఏ భాషా మాధ్యమానికైనా ఉందా?

సరే, ఆ ఏడాది పొడుగునా ఆ పల్లెలవాళ్లు ఏం చూశారు? వరి తెగుళ్ల గురించి ఎవరు చెప్పారు, ఏ యాసలో చెప్పారు, బుర్రకథ చెప్పిన దళం ఏది, పిల్లల పాఠాల్లో బొమ్మలు ఎవరు వేశారు? ఈ ప్రశ్నలకు జవాబు వీడియోగా అక్కర్లేదు. ఒక్క కాగితంగా చాలు. అందరికీ కనబడే చోట ఆ కాగితం వేలాడదీయకుండా 'తెరిచాం' అనడం, పెళ్లికొడుకు లేకుండా ఊరేగింపు తీసినట్టుంటుంది. బ్యాండు మాత్రం బాగుంటుంది.

ఇక్కడ ఒక ఊహాధికారిని ప్రవేశపెడతాను. ఏ ఆఫీసులోనూ లేడు, నా బుర్రలో ఉన్నాడు.

"జాబితా ఎందుకండీ?"

"ఏముందో తెలియడానికి సార్."

"తెలిస్తే?"

"అడుగుతాం."

"అదీ సంగతి! అడుగుతారు. అడిగితే వెతకాలి. వెతికితే కనబడదు. కనబడకపోతే ఎందుకు కనబడలేదంటారు. ఇంత గొడవ ఎందుకు, మీకేం కావాలో మాకు తెలుసుగా. ఇదిగో, పాత సినిమా తార ఇంటర్వ్యూ ఒకటి పెట్టాం, చూసి లైక్ కొట్టండి."

ఆ తర్వాత ఆయన బల్లసొరుగులోంచి హక్కుల చిట్టా తీస్తాడు. ఇది నిజమైన చిక్కే. మన కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థ తీసినదానికైనా అరవై ఏళ్ల హక్కు. 1975లో తీసిన 'సైట్' కార్యక్రమం మీద కాపీరైటు 2035 ఆఖరుదాకా నిక్షేపంలా ఉంటుంది. టేపు అన్నాళ్లు ఉంటుందా అన్నది చట్టం పరిధిలోకి రాదు. పాడినవాళ్లకు, ఆడినవాళ్లకు వేరే హక్కులున్నాయి, వాటిని నేనూ కాదనను. కళాకారుడికి రావలసిన రూపాయి రావాల్సిందే. ఈలోగా ఎవరో అభిమాని తన అటక మీది క్యాసెట్‌లోంచి దూరదర్శన్ సినిమా పాటల కార్యక్రమం 'చిత్రలహరి' పాత ముక్క ఒకటి తీసి, తేదీ రాసి, పాటల పేర్లు రాసి నెట్‌లో పెడతాడు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు అది చూసి కళ్లనీళ్లు పెట్టుకుని నాకు పంపిస్తాడు. చట్టం దృష్టిలో ఆ అభిమాని దొంగ. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మా మేనల్లుడూ నేనూ దొంగసొమ్ము పంచుకు తింటున్నామన్నమాట. తేదీ, పేర్లు రాసి పెట్టిన దొంగను మాత్రం నేను ఇప్పుడే చూస్తున్నాను.

అయితే అయ్యా, పేరుకీ తేదీకీ కాపీరైటు లేదు. '1984 ఫలానా తేదీ, రాత్రి 7.30, హరికథ, ఫలానావారు, 22 నిమిషాలు, యూమాటిక్ క్యాసెట్, స్థితి: బూజు' అని రాయడానికి ఏ హక్కుదారు సంతకమూ అక్కర్లేదు. యంత్రం అక్కర్లేదు, సర్వరు అక్కర్లేదు. గోవా దాకా వెళ్లనూ అక్కర్లేదు.

బీబీసీ కూడా ముందు మనలాగే కోతలు కోసింది. 2003లో దాని అధిపతి గ్రెగ్ డైక్ మా ఆర్కైవ్ అంతా ప్రజలదే అని ప్రకటించాడు. 2005లో ప్రయోగంగా కొన్ని క్లిప్పులు వదిలారు, అవీ బ్రిటన్‌లో ఉన్నవాళ్లకే. 2006లో ఆ ప్రయోగం ముగిసింది. అదే ఏడాది ఫ్రాన్సులో జాతీయ దృశ్యశ్రవణ సంస్థ ఇనా సుమారు పదివేల గంటల సరుకు జనం ముందు పెట్టింది. బీబీసీకి బుద్ధి తర్వాత వచ్చింది. 2014లో తన పాత కార్యక్రమ పత్రిక 'రేడియో టైమ్స్' సంచికల్లోంచి 1923 నుంచి 2009 దాకా ప్రసారమైనవాటి పట్టీ మొత్తం, 44 లక్షలకు పైగా, ఎవరైనా వెతుక్కునేలా పెట్టింది. ఉన్నవాటి పేర్లే కాదు, పోయినవాటివి కూడా. అసలు పోయిందేమిటో తెలిస్తే కదా, అది మా అటక మీద ఉందని ఎవరైనా చెప్పేది!

మనకా పత్రికలు లేవా అంటే, ఆకాశవాణికి తెలుగులో 'వాణి' ఉండేది. దినపత్రికల్లో రోజూ టీవీ కార్యక్రమాల పట్టీ అచ్చయ్యేది. మా నాన్న శుక్రవారం పొద్దున్నే దాంట్లో 'చిత్రలహరి' గడి చూసి గానీ కాఫీ తాగేవారు కాదు. గ్రంథాలయాల్లో ఆ బైండింగులు ఇంకా ఉన్నాయి. నలుగురు విద్యార్థుల్ని కూర్చోబెడితే వేసవి సెలవుల్లో సగం పని అవుతుంది.

ఇంకో సంగతి. ప్రసార భారతి చట్టం 1990లో పుట్టి 1997లో గానీ కళ్లు తెరవలేదు. ఆలస్యంగా కళ్లు తెరవడం ఆ ఇంటి ఆచారం. ఆ చట్టంలోనే రేడియో, టీవీ సరుకుకు గ్రంథాలయాలు పెట్టి నడపడం సంస్థ పనుల్లో ఒకటిగా రాశారు. గ్రంథాలయం! కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన జాతికి ఆ మాట అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. కేటలాగు లేనిదాన్ని మా వైపు గోడౌను అంటారు.

జాబితాకు తొందరేముంది అంటారేమో. వీడియో క్యాసెట్ ఆడించే వీసీఆర్ల తయారీ ప్రపంచంలో 2016 జులైలో ఆగిపోయింది. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే ఒక గడువు చెప్పింది. 2025 లోపు డిజిటల్ చేయని టేపుల మీద చాలామటుకు ఆశ వదులుకోవలసిందే అని. ఆ గడువు దాటిపోయింది. అయినా టేపుకన్నా ముందు పోయేది మనిషి. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు 2024 ఏప్రిల్ 5న వెళ్లిపోయారు. ఒక పాత టేపులో పేరు లేకుండా కనబడే ముఖాన్ని చూసి 'ఈయన ఫలానా' అని తడుముకోకుండా చెప్పగల తరం అది. కెమెరామన్లు, నిర్మాతలు, మేకప్ వేసినవాళ్లు, తబలా పక్కవాద్యం వాయించినవాళ్లు డెబ్బైలూ ఎనభైలూ దాటి మన మధ్యే ఉన్నారు. పేరు తెలియని టేపు చేతికొచ్చేనాటికి వాళ్లను పిలవడానికి ఏ ఫోను నంబరూ పనికిరాదు.

ఇంకొక చిన్న లెక్క. 1980ల నడిమి దాకా టీవీ ఉన్న ఇల్లు పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు రుసుము కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకునేది. దూరదర్శన్ ఉంచిన టేపుల్ని కొన్నదీ, చెరిపిన టేపుల్ని కొన్నదీ అలాంటి జనం డబ్బే. కొన్నవాడు సరుకు చీటీ అడిగితే దానం అడిగినట్టు చూడకండి.

కాబట్టి హైదరాబాద్, విజయవాడ, ఢిల్లీ అయ్యగార్లకు మనవి. వీడియోలు మీ ఇష్టమొచ్చినప్పుడు పెట్టండి. ముందు రిజిస్టర్లు పెట్టండి. టైపు చేయించే ఓపిక లేకపోతే పుటలు ఫోనుతో ఫొటోలు తీసి పెట్టండి, చదువుకుంటాం. చెరిపేసినవాటికి ఎదురుగా 'చెరిపాం' అని రాయండి, ఏమీ అనం.

అలా రాశాక మా బాబాయి ఇంకేమీ అనిపించుకోలేదు కాబట్టే చెబుతున్నాను. ఆ రాత్రి తిట్లన్నీ తిన్నాక ఆయన ఆ క్యాసెట్ తీసుకుని, నాన్న రాసినదాన్ని ఒక గీతతో కొట్టేసి, కింద సన్నటి అక్షరాలతో రాశాడు. ఆ చీటీ ఇప్పటికీ ఉంది: 'ఇండియా-పాక్, బెంగళూరు, 9-3-96, రెండో ఇన్నింగ్స్. మొదటి 11 నిమిషాలు నాన్నగారు. మిగతా షష్టిపూర్తి నా వల్ల పోయింది.'