పూడ్చిన గుమ్మానికి టీకా తాత్పర్యం

మూలం: ముందు మోత, తర్వాత కోత.

అవతారిక: ఈ సూత్రం ఏ తాళపత్రంలోనూ లేదు. టీ గ్లాసు గట్టు మీద పెట్టి, గోడను ఎగాదిగా చూసి మేస్త్రీ అనదగిన మాట. సందర్భం గోదావరి జిల్లాల మండువా లోగిలి. ఒకప్పుడు అన్నదమ్ములు వాటాలు పంచుకుని, సావిడికీ పడమటింటికీ మధ్య గుమ్మాన్ని ఇటుకలతో పూడ్చేశారు. ఇప్పుడు మనవలు రెండు వాటాలూ కలిపేసి దాన్ని తెరవాలంటున్నారు.

ప్రతిపదార్థం: ముందు = సుత్తి ఎత్తకముందు; తర్వాత = అడ్వాన్సు ఇచ్చాక అని కాదు, జాకీలు బిగించాక; కోత = ఇటుకలు విప్పడం. ఇక ‘మోత’ దగ్గర వ్యాఖ్యాతలు రెండు పక్షాలయ్యారు.

మోత అంటే చప్పుడని పూర్వపక్షం. వేలి కణుపులతో తట్టుకుంటూ పోతే అసలు గోడ గట్టిగా, పూడిక డొల్లగా పలుకుతుంది. పాత గోడ ఒకటిన్నర ఇటుకో, రెండిటుకలో మందం; పూడిక చాలాచోట్ల అర ఇటుక, అంటే 4.5 అంగుళాలే. వెనక మిగిలిన లోతే నానమ్మగారి మందుసీసాల గూడు (అరిష్టాలు, లేహ్యాలు మాత్రమే). పూడిక ఇటుకలను పాత గోడలోకి పళ్లు పట్టించి కట్టరు గనక, ఎన్నిసార్లు సున్నం వేసినా నిలువునా సన్నటి గీత బయటపడుతూనే ఉంటుంది.

మోత అంటే బరువు మోయడమని సిద్ధాంతం. గుమ్మం పైనున్న గోడంతా గుమ్మం దూలం మీద కూర్చోదు. అతుకులు తప్పించి పేర్చిన ఇటుకల్లో బరువు చాలావరకు పక్కలకు పోతుంది. దూలం మీద పడేది త్రిభుజమంత ముక్క. మేడ దూలం సరిగ్గా ఆ ముక్క మీదే ఆనితే మాత్రం లెక్క తప్పుతుంది. గుమ్మం చెక్క దూలానికి చెద పడితే మరీ ప్రమాదం: ఇన్నేళ్లుగా పైబరువు మోస్తున్నది ఆ పూడికే కావచ్చు.

శంక: కింద నాలుగు ఇటుకలు లాగితే మిగతావి వాటంతటవే రాలవా?

సమాధానం: రాలతాయి, కూలీ కాళ్ల మీద. కాబట్టి గోడకు పైభాగాన బెజ్జాలు చేసి, అడ్డ దూలాలు దూర్చి, రెండువైపులా జాకీలు నిలపాలి. మెయిన్ ఆపాలి, పూడికలో కరెంటు గొట్టం ఉండొచ్చు. ఆపైన పైవరస నుంచి ఒక్కొక్క ఇటుకా తీసుకుంటూ కిందికి రావాలి. దూలం మార్చాల్సి వస్తే కొత్తది అటూ ఇటూ కనీసం 6 అంగుళాలు గోడ మీద ఆనాలి.

విశేషం: కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మెదక్ సీమ కొలిచెలమవాడు. మూలంలో లేనిది రాయనని ఆయన ప్రతిజ్ఞ. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూసేవాళ్లు ఆ ప్రతిజ్ఞ విననట్టున్నారు. సిమెంటు పూత గోడలోని తేమను సులువుగా బయటికి పోనివ్వదు; ఆ తేమ పక్క ఇటుకల్లోకి పాకి, ఉప్పు పొంగి, ఇటుక పొడిగా రాలుతుంది. గుమ్మం అంచులకు మళ్లీ గానుగ సున్నమే మేలు.

చివరి చిక్కు గడప దగ్గర. ఇన్నేళ్లలో సావిడిలో నాపరాళ్లు అలాగే ఉన్నాయి, పడమటింట్లో వాటి మీద టైల్స్ పడ్డాయి. రెండు నేలలకూ అంగుళమున్నర తేడా. మేస్త్రీ అక్కడ వాలుగా ఒక రాతిపలక వేసి, దానికి విడిగా కూలి అడుగుతాడు. ఈ పాఠం అన్ని ప్రతుల్లోనూ ఉంది.