ఐదువేలకు నలుగురు తక్కువ

పోయిన సంక్రాంతికి మా బావ నన్ను ఫేస్‌బుక్ స్నేహితుల్లోంచి తీసేశాడు. పండగపూట, మా ఇంట్లో అరిసె తింటూ, నా పక్కన కూర్చుని మరీ తీసేశాడు. కారణం గట్టిదే. ఫేస్‌బుక్‌లో ఒక మనిషికి 5,000 మందికి మించి స్నేహితులు ఉండడానికి లేదు. మా బావకి అంతా నిండిపోయారు. కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి ఒకాయన కొత్తగా రిక్వెస్టు పెట్టాడు. ఎవరో ఒకరు లేచి ఆయనకి చోటివ్వాలి కదా!

"అదేటి బావా, నేనే దొరికానా?" అన్నాను.

"నువ్వెక్కడికి పోతావు బామ్మర్దీ? తీసీసినా మా మేనత్త కొడుకువే. ఆ సేటుని ఒగ్గీస్తే మరి దొరుకుతాడేటి?" అని రెండో అరిసె అందుకున్నాడు.

తర్వాత తెలిసింది, ఈ వరసలో అందరికంటే ముందు పోయింది ఆయన ఇల్లాలేనట. ఆ తర్వాత సొంత తమ్ముడు, వియ్యంకుడు. అన్నం పెట్టేవాళ్ళూ, చచ్చినా వదలని వాళ్ళూ ముందు పోతారు. మొహం తెలియనివాళ్ళు మాత్రం భద్రంగా ఉంటారు.

మా బావ ఊరు రావివలస, అదే మా అమ్మ పుట్టిల్లు. టెక్కలి పక్కన. అక్కడి ఎండల మల్లన్న సంగతి వేరే జిల్లావాళ్ళ కోసం చెప్పాలి. మా శివుడి నెత్తిన కప్పు ఉండదు. అంత పెద్ద లింగమూ ఎండకి ఎండుతుంది, వానకి తడుస్తుంది. గుడి కట్టబోతే స్వామే వద్దన్నాడని పెద్దవాళ్ళు చెబుతారు. కార్తీక సోమవారాల్లో ఆ గుట్ట దగ్గర జనాన్ని చూడాలి! "బావా, ఆ ప్రొఫైలుకి తాళం వేసుకో, దొంగ ఖాతాలవాళ్ళు నీ ఫొటోలు ఎత్తుకుపోతారు" అని నేను చెప్పినప్పుడల్లా ఆయన ఒక్కటే మాట అంటాడు: "మా మల్లన్నకే కప్పు లేదు, నాకు తాళమేటి?"

ఆయన ఉద్యోగం గ్రానైటు రాళ్ళ లెక్కలు రాయడం. టెక్కలి నీలి గ్రానైటు ఎన్ని దిమ్మలు లారీ ఎక్కిందో పుస్తకంలో ఎక్కిస్తాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా ఆయన మామూలు మనిషే. ఆ తర్వాత రాళ్ళ లెక్క, లైకుల లెక్క రెండూ ఒకే పుస్తకంలో పడ్డాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి గులాబీ పువ్వుతో శుభోదయం మొదలు. 2018లో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజిని ఒకసారికి అయిదు చోట్లకి మించి పంపకూడదని కట్టడి పెట్టినప్పుడు ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు గాని, మా బావ మూడు రోజులు సరిగ్గా భోంచెయ్యలేదు. నాలుగో రోజు నుంచి మూడున్నరకే లేచి, అయిదేసి చొప్పున వాయిదాల్లో పంపడం అలవాటు చేసుకున్నాడు.

వ్యాఖ్యలకి ఆయన దగ్గర మూడే మాటలున్నాయి. సూపర్, నైస్, ఓం శాంతి. అప్పుడప్పుడు తారుమారవుతాయి. ఒకాయన కొత్త ట్రాక్టరు కొంటే దాని కింద ఓం శాంతి పడింది. ఆయన మూడు నెలలు ఆ ట్రాక్టరు భయంభయంగా నడిపాడట.

నాకు బాగా నచ్చింది మాత్రం రైలు కథ. నౌపడలో విశాఖ పాసింజరెక్కి, కిటికీ పక్క సీటు కోసం మా బావ ఒకాయనతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. రుమాలు వేసింది నేనంటే నేనని ఇద్దరూ శ్రీకాకుళం రోడ్డు దాకా అరుచుకున్నారు. ఆ సాయంత్రం ఫేస్‌బుక్‌లో ఆరేళ్ళుగా పరిచయమున్న స్నేహితుడొకడు "ఈరోజు రైల్లో ఒక మూర్ఖుడు తగిలాడు" అని రుమాలు సంగతంతా రాశాడు. మా బావ పూర్తిగా చదవకుండానే లైకు కొట్టి, "అలాంటోళ్ళని ఒదలకూడదు అన్నా" అని సలహా కూడా ఇచ్చాడు. అవతలాయన చేతులెత్తి దణ్ణం పెడుతున్న బొమ్మ పంపాడు. ఇద్దరికీ ఈనాటికీ అసలు సంగతి తెలియదు. ఇప్పటికీ రోజూ గులాబీలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

ఇంగ్లండులో రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త 1990లలో కోతుల మెదళ్ళ కొలతలు పట్టుకుని లెక్క కట్టాడు, మనిషి సరిగ్గా నిలుపుకోగల పరిచయాలు సుమారు 150 దగ్గర ఆగిపోతాయని. ఈ మాట చెబితే మా బావ నవ్వేశాడు. "నూటయాభైయా? మా పెళ్ళిలో ఒక బంతికే అంతమంది కూకున్నారు. కోతుల కాడ మొదలెట్టినోడి లెక్క మనకెందుకు?"

మా అమ్మ లెక్క ఇంకా చిన్నది. ఆవిడ చిన్నప్పుడు ఒకే ఒక్క మనిషితో నేస్తం కట్టింది. మా వైపు నేస్తం కట్టడమంటే ఉత్తినే కాదు. ఒకరికొకరు బట్టలు పెట్టుకోవాలి, కలిసి తినాలి, ఆ పైన పేరు పెట్టి పిలవకూడదు. డెబ్భై ఏళ్ళొచ్చినా ఇద్దరూ "నేస్తం" అనే పిలుచుకుంటారు. ఆ నేస్తం అసలు పేరు నాకు ఆవిడ రేషను కార్డు చూస్తే తెలిసింది. మా బావ ఐదువేల సంగతి విని మా అమ్మ నోరు నొక్కుకుంది. "ఐదువేల మందికీ బట్టలెట్టినాడేటి ఈడు?"

బట్టలు పెట్టలేదు గాని, ఒక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. బడిలో ఆయనతో చదువుకున్న ఒకాయనది ఉద్దానం. ఆ ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చింది. పలాసలో డయాలసిస్. ఆ కబురు ఫేస్‌బుక్‌లో పెడితే మా బావ మామూలుగానే నైస్ అని రాశాడు. రాసి ఊరుకోకుండా మర్నాడు బస్సెక్కి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెళుతున్నాడు. డయాలసిస్ నాలుగ్గంటలు పట్టే పని. "అంతసేపు ఏం మాట్లాడుకుంటారు బావా?" అని అడిగాను.

"మాటాడుకోడానికేటుంది? ఆడు నాకు రీల్సు పంపుతాడు, నాను ఆడికి పంపుతాను."

పక్కపక్కనే కూర్చుని!

ఇక నా సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. అమ్మ వజ్రపుకొత్తూరు వైపు మా ఊళ్ళో ఒక్కర్తీ ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేను చేసిన పనేమిటంటే, ఎవరో తీసిన పడిపోయిన కొబ్బరితోట ఫొటో ఒకటి దించుకుని, ప్రే ఫర్ ఉద్దానం అని రాసి పెట్టాను. 312 లైకులొచ్చాయి. ఆ సంఖ్య ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, అమ్మ కబురు తెలియని ఆ రోజుల్లో పది నిమిషాలకోసారి దాన్నే చూస్తూ కూర్చున్నాను గనక.

మా బావ సైకిలుకి గొడ్డలీ, మోకూ, అటుకుల మూటా కట్టుకుని రావివలస నుంచి బయల్దేరాడు. దారికడ్డంగా చెట్టు పడి ఉన్న ప్రతిచోటా సైకిలు భుజానికెత్తుకుని దాటాడు. రెండో రోజు సాయంత్రానికి మా ఇల్లు చేరాడు. పెంకుల మీద పడ్డ కొబ్బరిచెట్టు నరికి, పెంకులు సర్ది, నాలుగు రోజులు మా అమ్మ దగ్గరే ఉన్నాడు. ఈ సంగతి ఇన్నాళ్ళైనా ఎత్తితే ఆయన మొహం చిన్నబోతుంది. మంచిపని చేశానన్న గర్వమేమీ లేదు, ఫోనులో ఛార్జింగు లేదన్న దిగులు. "ఒక్క ఫొటో లేదు బామ్మర్దీ! పడిన చెట్టు మీద గొడ్డలి పట్టుకుని నిలబడినాను. తీసీవోడు లేడు. ఎన్ని లైకులొచ్చీవో!"

ఇంటికెళ్ళి, కరెంటొచ్చి, ఫోను బతికాక ఆయన మొదట చూసింది నా ప్రే ఫర్ ఉద్దానం. లైకు కొట్టి, దాని కింద సూపర్ అని రాశాడు. నా లెక్క 313 అయింది.

మొన్న ఫోను చేశాడు. గొంతు దిగాలుగా ఉంది. ఐదువేలల్లోంచి ఎవరో నలుగురు ఆయన్ని తీసేశారట. ఎవరో తెలియక జాబితా మొత్తం మొదట్నుంచి చూసుకుంటున్నాడు. 'డ' అక్షరం దాకా వచ్చాడు. "అయితే ఖాళీ ఉంది కదా బావా, నన్ను మళ్ళీ చేర్చుకో" అన్నాను.

"ఉండు బామ్మర్దీ, పెద్దోళ్ళెవులైనా వస్తారేమో చూద్దాం."

అందుచేత ప్రస్తుతానికి నాలుగు ఖాళీలున్నాయి. కావలసినవాళ్ళు త్వరగా రిక్వెస్టు పెట్టుకోండి. తెల్లవారుజామున ఫోను మోగితే మాత్రం నన్ననకండి.