తొవ్వ కనిపెట్టిన వాస్కోడగామాలు

బతుకమ్మలు చెరువులో కలిసి, దసరా జమ్మి చేతులు మారి, పొద్దుటి పూట చలి కాస్త కరవడం మొదలయ్యే వేళకు కరీంనగర్ రోడ్ల మీద ఒక వింత ఊరేగింపు బయలుదేరుతుంది. ముందు కారు, కారు వెనక ఇనుప స్టాండు, స్టాండు మీద రెండు సైకిళ్లు. మనిషిని మోయాల్సిన సైకిల్‌ను కారు మోస్తుంది. కారును పెట్రోలు మోస్తుంది. పెట్రోలును జీతం మోస్తుంది. ఇంత మోత మోసి ఎలగందుల కోట దరిదాపుల్లో దింపాక, తలకు హెల్మెట్, మోకాళ్లకు కవచాలు, కళ్లకు సింగిడి రంగుల అద్దాలు తగిలించుకుని, "కొత్త ట్రెయిల్ కనిపెట్టాం బ్రో" అని ఒకరి చేతిని ఒకరు చరుచుకుంటారు.

పక్కనే మేస్తున్న మేకలకు మాటలు రావు కాబట్టి సరిపోయింది. ఆ బాటను అవి రోజూ రెండు పూటలా కనిపెడుతున్నాయి.

దసరా నుంచి శివరాత్రి దాకా సాగే ఈ యాత్రలో ముందుగా సైకిల్ గురించి చెప్పుకోవాలి. మన నాయినల కాలపు అట్లాస్‌కు, హీరోకు స్టాండు ఉండేది. క్యారియర్, మడ్‌గార్డు, చైన్ కవరు, బెల్లు, డైనమో ఉండేవి. వీళ్ల సైకిల్‌కు ఇవేవీ ఉండవు. ఒక్కో సామాను పీకేసిన కొద్దీ ధర పెరుగుతూ పోయి, పీకడానికి ఇంకేమీ మిగలని దశలో లక్ష దాటింది. స్టాండు లేదు కనుక ఆపినప్పుడు చెట్టుకు ఆనించాలి, చెట్టు దొరకకపోతే పడుకోబెట్టాలి. ముందు చక్రానికొక షాక్ అబ్జార్బరు, వెనక చక్రానికొకటి. గతుకు తెలియకుండా ఉండటానికి అంత డబ్బు పోసి, ఆ తర్వాత గతుకులను వెతుక్కుంటూ ముప్పై కిలోమీటర్లు పోవడంలోని తర్కం మనబోటి వాళ్లకు అందదు. గతుకులే కావాలంటే డ్రైనేజీ కోసం తవ్వి మరిచిపోయిన గల్లీలు ఊళ్లోనే బోలెడు. పెట్రోలు మిగిలేది.

కానీ వాళ్లకు గుట్ట కావాలి. మౌంటెన్ బైక్ కదా, మౌంటెన్ లేకపోతే ఎట్లా? కరీంనగర్ చుట్టూ గుట్టలకు కరువు లేకుండేది. ఆ గుట్టల రాయికి ట్యాన్ బ్రౌన్ అని పేరు పెట్టి, దిమ్మెలుగా కోసి, రైలెక్కించి కాకినాడ రేవుకు, అక్కడ ఓడెక్కించి చైనాకు పంపుతూ వచ్చాం. గుట్ట పోయిన చోట నిట్టనిలువు గోడలు, అడుగున ఆకుపచ్చ నీళ్లు మిగిలాయి. మన సాహసికులు ఆ క్వారీ గుంత అంచున నిలబడి, అదేదో అమెరికా లోయ అయినట్టు, సైకిల్‌ను రెండు చేతులా పైకెత్తి ఫోటో దిగుతారు. గుట్ట పోయిందన్న చింత లేదు, గుంత మిగిలిందన్న సంబరమే. ఈ లెక్కన కొన్నేళ్లకు బైకు మాత్రం మన చేతిలో ఉంటుంది. మౌంటెన్ చైనాలో ఎవరి వంటింట్లోనో గట్టుగా మారి, దాని మీద ఉల్లిగడ్డలు తరుగుతుంటారు.

గుట్టకు పోవాలంటే ముందు ఊళ్లు దాటాలి. అక్కడ అసలు పరీక్ష మొదలవుతుంది. కార్తీకంలో మన పల్లె రోడ్లు కల్లాలవుతాయి. సగం రోడ్డు మీద వడ్లు పరిచి, చుట్టూ రాళ్లు పేర్చి, రాళ్ల పక్కన తుమ్మకంప వేసి, చీర కొంగు నెత్తికి చుట్టుకున్న అవ్వ కాళ్లతో వడ్లను అటూ ఇటూ కదుపుతుంటుంది. తేమ 17 శాతానికి దిగితేనే కొనుగోలు సెంటర్‌లో కాంటా. మన వీరుడికి ఆ వడ్లు ఆటలో అడ్డంకిలా కనబడతాయి, ఇంకాస్త హుషారొస్తుంది.

"ఓ బిడ్డా, జర ఆ పక్కకెల్లి పో. వడ్లు తొక్కకు."

"సారీ అమ్మా, ఇది మా రూట్లో ఉంది."

"మీ రూటేందో గని, నీ బండికి బిరేకులు లేవా?"

"ఉన్నయ్. హైడ్రాలిక్."

"ఉంటె మరి పట్టు."

ఆ బ్రేకు ధర పెడితే అవ్వ వడ్లకు మంచి టార్పాలిన్ వచ్చేది.

ఈ ఆట పుట్టుక కథ చదివిన వాడికి ఇంకా నవ్వొస్తుంది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు, పాత సామానులో దొరికిన 1930ల, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లను బాగుచేసుకుని, టామల్‌పాయిస్ కొండ పరిసరాల మట్టి బాటల్లో దొర్లించడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరులో రీప్యాక్ అనే పందెం పెట్టారు. కొండ దిగేసరికి వెనక చక్రపు బ్రేకు వేడెక్కి హబ్బులోని గ్రీజు పొగలై పోయేది. ప్రతిసారీ కొత్త గ్రీజు కూరాల్సిందే, పందేనికి ఆ పేరు వచ్చింది అందుకే. ఆ ఆటే 1996లో అట్లాంటా ఒలింపిక్స్ దాకా పోయింది. అంటే మూలపురుషులు తొక్కినవి తుక్కు సైకిళ్లు. వాళ్లకు మన దగ్గర వారసులెవరని వెతికితే, కారు వెనక సైకిల్ కట్టుకొచ్చిన వాళ్లు ఆ వంశవృక్షంలో ఎక్కడా కనిపించరు. కనిపించేది తాళ్లల్లకు పోయే గౌడన్న. హ్యాండిల్‌కు లొట్లు, క్యారియర్ మీద మోకు, జానెడు వెడల్పు పొలం ఒడ్డు మీద, మంచు దిగిన చీకట్లో, కల్లు చుక్క ఒలకకుండా వచ్చేస్తాడు. ఆయన ఈ ఆట మొదలుపెట్టి చాలా కాలమైంది. వీడియో తీసేవాడు లేక చాంపియన్ కాలేదు.

కరీంనగర్ గుట్టలు తరిగిపోయే కొద్దీ వీళ్ల చూపు ఆదిలాబాద్ వైపు మళ్లింది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మలుపులెక్కగానే "మన కశ్మీర్" అని కేక. డిసెంబరు, జనవరిలో సిర్పూర్(యు), తిర్యాణి వైపు చలి పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. గూడెంలో పిల్లలు బడికి ముందు చలిమంట చుట్టూ ముడుచుకుని కూర్చునే ఆ పొద్దును వీళ్లు "పర్ఫెక్ట్ వెదర్" అంటారు. వర్షాలు పూర్తిగా ఆగకముందే వచ్చిన వాళ్లకు మాత్రం నల్లరేగడి తగిన మర్యాద చేస్తుంది. టైరుకు పట్టుకుని, ఫ్రేముకూ చక్రానికీ మధ్య ముద్దలా బిగుసుకుని, గేర్లన్నిటినీ సమానం చేసేస్తుంది. అప్పుడు ఆ ఖరీదైన బండిని భుజాన వేసుకుని నడుస్తున్న వాడిని చూసి, పత్తి చేనులోని ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటారు.

వీళ్ల ఫోన్లలో స్ట్రావా అని ఒక యాప్. ఒక ఎక్కుడును అందరికంటే వేగంగా ఎక్కిన వాడికి అది "కింగ్ ఆఫ్ ద మౌంటెన్" కిరీటం పెడుతుంది. ఉట్నూరు గుట్టల్లో తరతరాలుగా ఉంటున్న వాళ్లను రాజ్‌గోండులంటారన్న సంగతి ఆ యాప్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆదివారం పొద్దున వచ్చి, మధ్యాహ్నం దాబాలో చికెన్ తిని పోయేవాడు గుట్టకు రాజు. ఆ గుట్ట మీద జొన్న పండించేవాడు లెక్కలో లేడు.

ఓపిక సంగతి మాట్లాడదామా? గోండుల దండారీ పండుగ రోజుల్లో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి ఆడుతూ పోతారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. దానికి ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు ఝరి అనే నీళ్ల పాత్ర పట్టుకుని, చెప్పుల్లేకుండా, జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడిచి గోదావరి జలం తెస్తారు. రానూ పోనూ వంద కిలోమీటర్లకు పైమాటే. ఎలక్ట్రోలైట్ పొడి కలుపుకోరు, గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఎవరికీ చూపించరు. మన వాళ్లు పాతిక కిలోమీటర్లు తొక్కి వచ్చి, వారం రోజులు ఆఫీసులో దాని గురించి ప్రవచనం చెబుతారు.

ఇక సాహసం. "పులి ఉన్న అడవిలో రైడ్ చేశాం" అన్నది వీళ్ల పరమవీర చక్ర. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించారు. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి చొరబడటం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అది పెద్ద విషయం కాదనుకునే వాళ్లు ఒకసారి కాగజ్‌నగర్ వైపు చూడాలి. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది. 2024 నవంబరులో గన్నారం దగ్గర పత్తి చేనుకు పోయిన యువతిని చంపింది. ఆ తర్వాత పులి వెనక నుంచి రాకుండా తల వెనక పెట్టుకొమ్మని కూలీలకు అటవీ శాఖ మనిషి ముఖాల మాస్కులు పంచింది. చలికాలమంటే పత్తి ఏరే కాలం. ఏరకపోతే కూలి లేదు కనుక తల వెనక ఇంకో ముఖం తగిలించుకుని చేనులోకి వంగే మనిషిని ఎవరూ సాహసికురాలు అనరు. పులి కనబడాలని మొక్కుకుంటూ వచ్చేవాడికి ఆ బిరుదు. 2024లోనే పులి కోసమని కవ్వాల్ కోర్ ప్రాంతం నుంచి రాంపూర్, మైసంపేట గూడేలను బయటికి తరలించారు. పుట్టినప్పటి నుంచీ అక్కడున్న వాళ్లు బయటికి, ఆదివారం వచ్చిన వాళ్లు లోపలికి. ఎకో టూరిజం అంటే ఇదేనేమో.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇక్కడి నుంచి నవ్వు రాదు. ఒక గూడెం దగ్గర ఆగి, వాగు రాళ్ల మీదుగా బండి దూకించి, ఆ తర్వాత వీళ్లు అనే మాట ఒకటుంది. "ఇక్కడికి రోడ్డు రాకూడదు బ్రో. వస్తే ఈ అందం పోతుంది." రెండు షాక్ అబ్జార్బర్ల మీద కూర్చున్న వాడికి ఆ మాట అనడం తేలికే. అదే వాగు, అదే రాళ్లు. వానాకాలంలో నొప్పులు పడుతున్న బిడ్డను మంచం మీదో ఎడ్లబండి మీదో వాగు దాటించి, 108 ఆగిన చోటి దాకా మోసేది ఆ బాటలోనే. మంచానికి సస్పెన్షన్ ఉండదు. రోడ్డు మంజూరైందని చెబుతారు, అటవీ అనుమతి రాలేదని చెబుతారు, కంకర కుప్పల మీద గడ్డి మొలుస్తుంది. నిజానికి 2006 అటవీ హక్కుల చట్టంలోనే దారి ఉంది. 3(2) సెక్షన్ కింద రోడ్డు, బడి, దవాఖాన లాంటి 13 రకాల పనులకు ఒక్కో దానికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చు. చట్టం పుస్తకంలో ఉంది, తొవ్వ మాత్రం వాగులో ఉంది. ఒకడికి బతుకు భారమైన లోటును ఇంకొకడు వారాంతపు వినోదంగా కొనుక్కోవడం, పైగా అది అట్లాగే ఉండాలని కోరుకోవడం, ఏ ఆట పుస్తకంలోనూ ఆట కాదు.

అయితే సైకిల్ వద్దంటావా అని కోపం రావచ్చు. సైకిల్ మీద నాకేం పగ? షుగరు తగ్గుతుంది, పొగ రాదు, హారన్ లేదు, నలుగురు దోస్తులు ఫోన్లు జేబులో పెట్టి ఒక పూట కలిసి చెమటోడ్చడం ఈ రోజుల్లో చిన్న సంగతి కాదు. బైకు దిగుమతి చేసుకుని, దాని బుద్ధిని రేవులోనే వదిలేసి రావడం మీదే నా పేచీ. పుట్టినింట్లోనే ఈ ఆటకు చీవాట్లు తప్పలేదు. నడిచేవాళ్లు, గుర్రాల మీద పోయేవాళ్లు గోల చేశారు, చాలా బాటల్లో సైకిళ్లను నిషేధించారు. అప్పుడు, 1988లో, ఆ ఆటగాళ్లే ఇంబా అనే అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. అది తన వాళ్లకు పెట్టిన నియమాలేమంటే: అనుమతి ఉన్న బాటలోనే తొక్కు. గుర్తులు వదలకు. బండి అదుపులో ఉంచుకో. ఎదుటివాడికి దారి ఇయ్యి. జంతువును బెదిరించకు. ముందే సిద్ధమై రా. ఈ నియమాల మీద కస్టమ్స్ సుంకం ఉండదు. అయినా ఒక్కడి బ్యాగులోనూ అవి దొరకవు.

కాబట్టి మన వాళ్లకు ఒక మనవి. ఏజెన్సీ గూడేనికి పోయే ముందు గ్రామసభను అడగండి. 1996 పెసా చట్టం వచ్చిందే ఆ సభకు ఒక మాట ఉండాలని. దారి చూపే కుర్రాడికి రోజు కూలి లెక్క కట్టి ఇవ్వండి, ఎనర్జీ బార్ ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. కోర్ అడవిని పులికి వదిలేయండి, దానికి లైకులు అవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యం, మీ దగ్గర ఊరివాళ్ల దగ్గర లేని సరుకొకటి ఉంది. ఆ బాటలో ప్రతి గతుకు, ప్రతి ఎక్కుడు, ప్రతి వాగు మీ యాప్‌లో మీటర్లతో సహా నమోదై ఉంది. పై నుంచి తీసిన డ్రోన్ వీడియో ఉంది. ఏ ఇంజినీరూ అంత ఓపికగా ఆ తొవ్వను కొలవలేదు. గూడెం వాళ్ల రోడ్డు అర్జీకి దాన్ని జతచేసి, సంతకాలు పెట్టి, కలెక్టరేట్‌లో ప్రజావాణికి పట్టుకుపొండి. ఆదివారం తొక్కిన తొవ్వ కోసం సోమవారం లైన్లో నిలబడండి.

రోడ్డు పడితే మీ ట్రెయిల్ పోతుంది, నిజమే. ఇంకో గుట్ట వెతుక్కోండి. అన్ని గేర్లు పెట్టించుకున్నది అందుకే కదా.