పాలకొల్లు కారుకు పంచసూత్రాలు

పంచారామాల్లో ఒకటైన క్షీరారామం మన ఊళ్లోనే ఉంది కాబట్టి, ఇన్సూరెన్సు డబ్బులు ఎక్కువ కట్టాలని సరదాపడే కారు ఓనర్లకు సూత్రాలూ ఐదే.

1. చలానాలను లెక్కచేయకండి. అమెరికా వెళ్లిన మనవాళ్లు స్పీడింగ్ టికెట్ పడితే జరిమానా కన్నా ఇన్సూరెన్సు పెరుగుతుందనే ఎక్కువ బెంగపడతారు. మనకా దిగులు లేదు. 2021 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బృందం తాగి నడిపితే 100 పాయింట్లు, పార్కింగ్ తప్పుకు 10 చొప్పున వేసి ప్రీమియం పెంచుదామంది, ముందు ఢిల్లీలో చూద్దామంది. మన రెన్యూవల్ కాగితం మీదికి ఆ పాయింట్లింకా రాలేదు.

2. బుద్ధిగా నడిపితే థర్డ్ పార్టీ ప్రీమియం తగ్గుతుందని ఆశపడకండి. 1000 సీసీ దాటి 1500 లోపు సొంత కారుకు 2022 జూన్ నుంచి అమలైన రేటు 3,416 రూపాయలు. ధర్మరాజు నడిపినా దుర్యోధనుడు నడిపినా అంతే.

3. కొబ్బరికాయల లారీ రివర్సు చేస్తుంటే హారన్ కొడుతూ పక్కనుంచి దూరిపోండి. బంపర్ గీసుకుంటుంది. ఆ గీతకే క్లెయిమ్ పెట్టేయండి. ఐదేళ్లు కూడబెట్టిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఆ ఒక్క గీతతో సున్నా.

4. ఏజెంటుగారు ఫోన్ చేస్తే "తణుకులో ఉన్నానండి, రేపు చూద్దాం" అనండి. గడువు దాటి 90 రోజులైతే క్లెయిమ్ పెట్టకపోయినా బోనస్ పోతుంది. ఈలోగా పోలీసులు ఆపితే ఇన్సూరెన్సు లేనందుకు చట్టప్రకారం మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000. మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

5. భీమవరం పెళ్లిలో రెండు పెగ్గులేసి, "ఆయ్, నాకేం కాలేదండి" అంటూ స్టీరింగ్ మీరే పట్టండి. దొరికితే 10,000 జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. గుద్దితే మీ కారు రిపేరు క్లెయిమ్ కొట్టేస్తారు. అవతలి మనిషికి కంపెనీ పరిహారం కట్టినా, కోర్టు చెబితే అదంతా మీ దగ్గరే వసూలు చేసుకుంటుంది.

చలానా మన దగ్గర ప్రీమియం పెంచదు, నిజమే. కానీ చలానా తెచ్చే అలవాట్లే క్లెయిమూ తెస్తాయి, అప్పుడు పోయేది వందలు కాదు. ఈ ఐదూ పాటించే ఓపిక లేనివారు పాత చలానాలు కట్టేసి, పాలసీలో గడువు తేదీ ఇవాళే ఒకసారి చూసుకోండి.