కవర్ల కొలువు

మన పెళ్ళిళ్ళలో కవరు విలువంతా లోపలున్న నూటపదహార్లదే. అది తీసుకున్నాక కవరు ఏ చెత్తబుట్టలో పడిందో ఎవరికీ పట్టదు. అలాంటి జాతిలో పుట్టి, వర్జీనియాలో స్థిరపడి, నూట అరవై ఏళ్ళ నాటి ఖాళీ కవర్లకు డాలర్లు పోస్తున్నాను నేను. మొదటి కవరు ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ దాన్ని లైటుకి అడ్డంపెట్టి చూసింది.

"లోపల ఏమీ లేదేంటండీ?"

"ఉంటే మనకమ్ముతారా?"

ఇవి అమెరికా అంతర్యుద్ధం నాటి బొమ్మల కవర్లు. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయో లేదో, ఉత్తరాది అచ్చాఫీసులకు పండగొచ్చింది. న్యూయార్కులో చార్లెస్ మాగ్నస్ లాంటి వాళ్ళు జెండాలు, గద్దలు, ఫిరంగులు, లింకన్ ముఖాలు వేల రకాలుగా గుద్ది పారేశారు. ఎడమవైపు వీరరసం, కుడివైపు స్టాంపుకీ చిరునామాకీ కాస్త జాగా. దక్షిణాదిలో కాగితానికే కటకట. గోడలకంటించే పూలకాగితం కత్తిరించి కవర్లు చేసుకున్నవాళ్ళూ, వచ్చిన కవరునే తిరగేసి మళ్ళీ పంపినవాళ్ళూ ఉన్నారు.

ఉత్తరాలు రాయడానికి కాక, ఆల్బముల్లో దాచుకోవడానికే కొన్నవాళ్ళు అప్పట్లోనే బోలెడుమంది. అందుకే వాడని కవర్లు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. తపాలా ముద్ర పడి, సిరా వెలిసి, మూల చిరిగినదైతే ధర కొండెక్కుతుంది. కొత్తదాని కంటే చిరిగిందానికి ఎక్కువ ఎందుకివ్వాలో మా ఆవిడకి ఇంతవరకు చెప్పలేకపోయాను.

చెప్పకుండానే అర్థం చేసుకున్నది మా మామగారు. తెనాలి దగ్గర పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. సైనికుడి ఉత్తరమని మూల మీద రాసున్న కవరొకటి చూపించాను. 1861 జులై నుంచి సైనికులు స్టాంపు లేకుండా ఉత్తరం వేయొచ్చు, ఆ మూడు సెంట్లు అందుకున్నవాళ్ళు కట్టాలి అన్నాను.

"బేరింగు ఉత్తరం అను! మేమైతే రెట్టింపు గుంజేవాళ్ళం. ఇంత మెతక పోస్టాఫీసు పెట్టుకుని యుద్ధం ఎలా గెలిచారు అల్లుడూ?"

దక్షిణాది చేతిలో మిగిలిన పాత స్టాంపులు చెల్లకుండా ఆ ఆగస్టులో కొత్తవి దింపారని చెప్పాక మెత్తబడ్డారు. పెద్ద నోట్లు రద్దైన 2016 నవంబరులో తాను బ్యాంకు ముందు నిలబడ్డ క్యూ గుర్తొచ్చిందట.

నాకు ముద్దొచ్చే కవరు కర్నల్ ఎల్స్‌వర్త్‌ది. లింకన్ లా ఆఫీసులో పనిచేసిన కుర్రాడు. 1861 మే 24న మా వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఒక సత్రం మీద ఎగురుతున్న తిరుగుబాటు జెండా పీకి మెట్లు దిగుతుంటే సత్రం యజమాని కాల్చి చంపాడు. వయసు 24. శవాన్ని వైట్‌హౌస్‌లో ఉంచారు. ఆ తర్వాత అతని బొమ్మ లేని కవరుకి గిరాకీ లేదన్నట్టు అచ్చేశారు. నా దగ్గరున్న దాంట్లో జెండాను తొక్కుతూ నిలబడ్డాడు. రంగు చేత్తో వేసింది కాబట్టి నిజారు ఎరుపు గీత దాటి గడ్డి మీదకి పాకింది. రంగు వేసినవాళ్ళు పొద్దుటినుంచి అది ఎన్నో ఎల్స్‌వర్తో!

కొన్ని మాత్రం హాల్లో పెట్టను. పారిపోయి వచ్చిన బానిసలను తిరిగిమ్మని యజమానులు అడిగితే, ఉత్తరాది జనరల్ బట్లర్ లాయరు బుర్రతో, మాది వేరే దేశమని మీరే అంటున్నారుగా, మా చట్టం మీకెందుకు, వీళ్ళు యుద్ధంలో పట్టుబడ్డ సరుకు అన్నాడు. దాని మీద బోలెడు కవర్లొచ్చాయి. ఎగతాళి యజమాని మీదే, కానీ నల్లవాడి ముఖాన్ని గీసిన తీరు చూస్తే ఆ గీసినవాడు ఏ పక్షమో అనుమానమొస్తుంది. అవి బీరువాలోనే ఉంటాయి.

హాల్లో ఉన్నది దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్. నిలువుగా చూస్తే యుద్ధానికి వెళ్తున్న డేవిస్. తిరగేస్తే అదే బొమ్మ యుద్ధం నుంచి తిరిగొస్తున్న గాడిద! ఫ్రేము కట్టించాక తగవు మొదలైంది: ఏది పైన?

"స్టాంపున్న వైపు పైన" అని తీర్పిచ్చారు మామగారు.

"స్టాంపు లేదండీ, వాడని కవరు."

"అయితే అది ఉత్తరమే కాదు. నా పరిధిలోకి రాదు."

డేవిస్‌ని నిలబెడితే ఎదురింటావిడ మాతో మాట్లాడదు. గాడిదని నిలబెడితే, అది డెమొక్రాట్ల గుర్తు కాబట్టి, పక్కింటాయన వాళ్ళ ప్రచారమనుకుంటాడు, పైగా ఎన్నికల ఏడాది. అందుకని ఫ్రేముకి పైనా కిందా చెరో కొక్కెం వేయించాను. ఎవరొస్తున్నారో ఫోన్లో కనుక్కుని, మా ఆవిడే తిప్పి తగిలిస్తుంది.