నిద్రకు అనుమతి కోరుతూ...

మహారాజశ్రీ కౌంటీ జోనింగ్ అధికారి వారి దివ్యసముఖానికి (రాష్ట్రం ఒరెగాన్, కౌంటీ పేరు మర్యాద కోసం రాయడం లేదు),

తెనాలి వాస్తవ్యుడు, రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ అర్జీ.

అయ్యా, మనిద్దరిదీ ఒకటే వృత్తి. ముప్పై ఏళ్ళు నేనూ కౌంటరుకు మీవైపే కూర్చున్నాను. వచ్చిన ప్రతి కాగితానికీ ఏదో ఒక కొర్రీ వేసి వెనక్కి పంపడంలో మా డివిజన్‌లో నాకు మంచి పేరుండేది. అందుకే మీ నోటీసు చదివితే కోపం రాలేదు, ముచ్చటేసింది. ఇంత చక్కటి కొర్రీ సర్వీసు మొత్తంలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

మా అమ్మాయి పోర్ట్‌లాండ్‌లో అద్దెలు కట్టలేక చక్రాల మీద ఇల్లు కొనుక్కుంది. వెడల్పు 8.5 అడుగులు, పొడవు 24. వెడల్పు అంతకు మించితే రోడ్డు మీద లాగడానికి వేరే పర్మిట్ కావాలిట. మొత్తం 204 చదరపు అడుగులు. మా ఇంటి వెనక గొడ్ల చావిడి ఇంతకంటే పెద్దది. ఆ బండిని మీ కౌంటీలో ఒక పెద్దాయన స్థలంలో, నెలకింతని మాట్లాడుకుని, ఆపిల్ చెట్ల పక్కన నిలిపింది. పంట లేదు కనక దీన్ని కౌలు అనడానికి నాలోని రెవెన్యూ ఉద్యోగికి మనసొప్పడం లేదు. నేల అద్దె అందాం. ఇల్లు ఈవిడది, నేల ఆయనది, ఇద్దరికీ పేచీ లేదు. పేచీ పక్కింటాయనకి వచ్చింది. ఆయన ఫిర్యాదు చేశాడు, మీరు నోటీసు అంటించారు.

నోటీసు పట్టుకుని నేనే మీ ఆఫీసుకొచ్చాను. "బండి తీసెయ్యాలామ్మా?" అని కౌంటర్లో అమ్మాయిని అడిగాను. అక్కర్లేదు, ఏడాది పొడుగునా పెట్టుకోవచ్చంది. "మరి తప్పెక్కడ?" దాంట్లో కాపురం ఉండకూడదట. "పగలు కూర్చుంటే?" పర్లేదట. "కూర్చున్నప్పుడు కునుకు పడితే?" ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఫైలు కనపడింది.

అంటే చక్రం నేరం కాదు, కప్పు నేరం కాదు, అద్దె పుచ్చుకోవడమూ కాదు. మీ చట్టానికి పడనిది నిద్ర! విజిటర్ వీసా మీద వచ్చిన నన్ను విమానాశ్రయంలో మీ దేశం వాళ్ళు ఆర్నెల్లు ఉండమన్నారు. ఎక్కడ పడుకుంటావని అడగలేదు.

మా వైపు సంగతి చెబుతాను, తమరు ఆశ్చర్యపోతారు. కోతలయ్యాక మా రైతులు గొర్రెల కాపరుల్ని బతిమాలి పిలుచుకొచ్చి పొలంలో మంద కట్టిస్తారు. రాత్రంతా మంద అక్కడే పడుకుంటే పెంటికలతో నేల బలుస్తుంది. కాపరి కూడా దాని పక్కనే గొంగడి పరుచుకుని పడుకుంటాడు. పడుకున్నందుకు వాళ్ళకి రైతే ధాన్యమో డబ్బో ఇస్తాడు. మీ పెద్దాయన ఎదురు డబ్బు పుచ్చుకుంటున్నాడు, తేడా అంతే.

మీ దేశం సంగతే తీసుకుందాం. గాంధీగారు మెచ్చుకున్న థోరో 1845లో వాల్డెన్ చెరువు దగ్గర 10 అడుగులకు 15 అడుగుల గది కట్టుకున్నాడు. నేల ఆయనది కాదు, స్నేహితుడు ఎమర్సన్‌ది. ఆ గది మా అమ్మాయి ఇంటికన్నా 54 చదరపు అడుగులు తక్కువ! రెండేళ్ళ పైచిలుకు అందులో నిద్రపోయాడు. మధ్యలో ఒక రాత్రి జైల్లో పెట్టారు, నిజమే. అది పన్ను కట్టనందుకు, పడుకున్నందుకు కాదు.

మీ చట్టాల్ని ఎగతాళి చేస్తున్నాననుకోకండి. 1973లో టామ్ మెకాల్ గవర్నరుగా ఉండగా మీ రాష్ట్రం చేసిన భూవినియోగ చట్టం గురించి ఇక్కడికొచ్చాకే తెలుసుకున్నాను. ప్రతి ఊరికీ ఒక గీత గీసి, ఆ గీత దాటి ఊరు పొలాల మీద పడకుండా ఆపారు. దానికి రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. మా దగ్గర మూడు కార్లు పండిన మాగాణిలో హద్దురాళ్ళు పాతి, ఆర్చీ కట్టి, వెంచరన్నారు. కొన్నిటికి కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. అప్పుడు నాకు కొర్రీ ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలీదు.

కానీ మా అమ్మాయి బండి ఉన్నది పంట పొలంలో కాదు, మీరే పల్లె నివాస జోన్ అని రాసుకున్న స్థలంలో. పెద్దాయన అదే స్థలంలో సొంతింట్లో కాపురం ఉంటున్నాడు. అలాంటి చోట అద్దెకుండేవాళ్ళ కోసం ఒక్క ఆర్.వి.ని, అంటే ఇలాంటి చక్రాల బండిని, అనుమతించవచ్చునని 2023లో మీ శాసనసభ సెనేట్ బిల్లు 1013 ద్వారా కౌంటీలకు వెసులుబాటు ఇచ్చింది. పోర్ట్‌లాండ్ నగరమైతే 2021లోనే ఇళ్ళ స్థలాల్లో చక్రాల ఇళ్ళను ఒప్పుకుంది. నీళ్ళు, కరెంటు, మరుగు ఏర్పాట్లున్నాయా అని అడగండి, అది న్యాయమైన కొర్రీ. మీ నోటీసులో ఆ ఒక్క ప్రశ్నే లేదు.

చిక్కంతా ఆ 'వచ్చును'తోనే ఉంది. ఆ మాట మహత్తు నాకు తెలుసు. 'మంజూరు చేయవచ్చును' అని జీవో వస్తే, చేయకపోవచ్చునని కూడా మేం చదువుకునేవాళ్ళం. ఆ ముక్క పట్టుకుని ఎంతమందిని తిప్పానో! తమరు నాలా చదవకుండా, మీ కౌంటీ కమిషనర్ల ముందు ఫైలు పెట్టించమని ప్రార్థన.

ప్రస్తుతం తమ ఆజ్ఞ ప్రకారమే నడుచుకుంటున్నాం. రాత్రిళ్ళు మా అమ్మాయి పెద్దాయన హాల్లో సోఫా మీద పడుకుంటోంది. ఆయన గురకకి పడుకుంటోందని కూడా అనలేను. ఇక్కడ బండిలో కొత్త పరుపు చట్టబద్ధంగా ఖాళీగా ఉంది. పప్పుచారుతో భోంచేసి వచ్చి, దాని పక్కన కుర్చీలో కూర్చుని ఈ అర్జీ రాస్తున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. మీ ఇన్‌స్పెక్టరు గారి కారు చప్పుడు కూడా వినబడుతోంది కనక, ఇంతటితో ముగిస్తున్నాను.

చిత్తగించవలెను.