లెగ్‌రూమ్ బాబాయి

లెగ్‌రూమ్ బాబాయి ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. పల్లెవెలుగు బస్సులో చక్రం మీది సీటు దొరికినా మోకాళ్లు దేనికీ తగలని అదృష్టవంతుడు. అయినా విమానం టికెట్ అనగానే ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట, "కాళ్లు చాపుకోడానికి జాగా ఎంతుంటుంది?" అని. ఏ ఊరు, ఏ తేదీ, ఛార్జీ ఎంత అన్నవి ఆ తర్వాతే.

ఇలాంటి బాబాయి ఒక్క ఇంటి సొత్తు కాదు. కూకట్‌పల్లిలో ఉన్నాడు, గాజువాకలో ఉన్నాడు, గుంటూరు బ్రాడీపేటలోనూ ఉన్నాడు. ఇక్కడ చెప్పుకునే ఆయన మాత్రం ఆడిట్ శాఖలో రిటైరయ్యాడు. సర్వీసంతా టెండర్ల ఫైళ్లు తిరగేసి, అందరికన్నా తక్కువకి కోట్ చేసినవాడికే, అంటే ఎల్-వన్‌కే, పని దక్కిందా లేదా అని కాంట్రాక్టర్లనీ ఇంజినీర్లనీ నిలదీసిన మనిషి. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రైల్లో స్లీపర్ దాటి ఏసీ బోగీ ఎక్కాలంటే ప్రాణం ఒప్పని బాబాయి, కొడుకు అమెరికా వెళ్లాక సీట్ల శాస్త్రంలో పండితుడైపోయాడు.

ఆయనకి తెలియని కొలత లేదు. ఒక సీటు మీద ఏదో ఒక చోటు నుంచి ముందు సీటు మీద సరిగ్గా అదే చోటు దాకా ఉండే దూరాన్ని పిచ్ అంటారు. మన దేశంలో తిరిగే చౌక విమానాల్లో అది ఇంచుమించు 28 నుంచి 30 అంగుళాలు. సముద్రాలు దాటే విమానాల ఎకానమీలో 31, 32. ప్రీమియం ఎకానమీలో 38 చుట్టుపక్కల, ఎమిరేట్స్‌లో అయితే 40 దాకా. పెళ్లి భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి కూడా బాబాయి ఈ అంకెలు అప్పజెప్పగలడు. "ఆ 30 అంగుళాలూ మన కాళ్లకే అనుకునేరు! సీటు వీపు మందం కూడా అందులోంచే పోతుంది" అని ముందు నిలబడ్డ పెళ్లికొడుకు మేనమామని హెచ్చరిస్తాడు. గుత్తివంకాయ తన దాకా వస్తుందో రాదో అన్న బెంగలో ఉన్న ఆ మేనమామ తల ఊపుతాడు.

చరిత్ర కూడా వచ్చు. ఎకానమీకీ బిజినెస్‌కీ నడుమ మరో తరగతిని 1992 ప్రాంతంలో తైవాన్ వాళ్ల ఈవా ఎయిర్, బ్రిటన్ వాళ్ల వర్జిన్ అట్లాంటిక్ తెచ్చాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో, లుఫ్తాన్సా 2014లో అదే దారి పట్టాయి. మన దేశంలో ఆ సీట్లు 2015 జనవరిలో విస్తారాతో వచ్చాయి. 2024 నవంబరులో విస్తారా పోయి ఎయిరిండియాలో కలిసింది. 2006 నుంచి జనాన్నంతా ఒకే తరగతిలో కూర్చోబెట్టిన ఇండిగో కూడా అదే నెలలో ఢిల్లీ–ముంబయి విమానాల్లో ముందువైపు 12 వెడల్పాటి సీట్లు వేసి, స్ట్రెచ్ అని పేరు పెట్టింది. "చూశావా, ఆఖరికి ఇండిగో కూడా దిగొచ్చింది" అంటాడు బాబాయి, తను రాసిన అభ్యంతరం మీదే ఫైలు కదిలినట్టు. 2009లో అప్పటి కేంద్ర సహాయ మంత్రి శశి థరూర్ ఎకానమీని క్యాటిల్ క్లాస్ అని ట్వీట్ చేసి సొంత పార్టీతోనే చీవాట్లు తిన్నాడు కదా, బాబాయి దృష్టిలో ఆయనకి జరిగింది అన్యాయం.

ప్రయాణానికి రెండు రోజుల ముందు వెబ్ చెకిన్ తెరుచుకునే వేళకి బాబాయి కాఫీ కూడా ముట్టకుండా కళ్లజోడు తుడుచుకుని ఫోన్ ముందు కూర్చుంటాడు. రంగురంగుల గళ్లతో సీట్ల పటం వస్తుంది. డబ్బు కట్టకపోయినా విమానం వాళ్లు ఏదో ఒక సీటు ఇచ్చి తీరాలి. కావలసిన సీటు ఎంచుకోవడానికి తీసుకునే రుసుము ప్రయాణికుడు కోరుకుంటేనే తీసుకోవాలి తప్ప బలవంతం లేదు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా చెప్పింది. ఇవన్నీ బాబాయికి కంఠతా వచ్చు. "వచ్చుగా, మరి ఎందుకు కట్టడం?" అని పిన్ని అడిగితే, "ఊరికే ఇచ్చే సీటుకి విలువేముంటుందే?" అంటాడు. తనకి డబ్బు కట్టి, పిన్నికి మాత్రం ఊరికే వచ్చే సీటు ఉంచేస్తాడు. ఆవిడ ఎక్కడ కూర్చున్నా నిద్రపోతుందట.

తిరుపతి ప్రయాణం ఆ లెక్కలోనే జరిగింది. హైదరాబాద్ నుంచి తిరుపతికి ఏటీఆర్ విమానం, గంట పైచిలుకు ప్రయాణం. ఇటు రెండు సీట్లు, అటు రెండు సీట్లు, మధ్య సీటన్నదే లేదు. బాబాయి అదనంగా కట్టి మొదటి వరస పుచ్చుకున్నాడు. అందరికన్నా ముందు దిగి, అందరికన్నా ముందు ట్యాక్సీ పట్టుకుని, అందరికన్నా ముందు కొండెక్కాలని ఆయన పథకం. కట్టేముందు ఆయన చూసుకోనిదల్లా తలుపు ఎటువైపుందో అన్నదే. ఏటీఆర్‌లో ముందువైపు సామాన్ల గది ఉంటుంది. మనుషులు ఎక్కేదీ దిగేదీ తోకవైపు తలుపులోంచి.

రేణిగుంటలో విమానం ఆగింది. చివరి వరసలో ఊరికే కూర్చున్న పిన్ని మొట్టమొదట దిగి, నీడ చూసుకుని నిలబడింది. ఆమె వెనక కాలేజీ పిల్లలు దిగారు, బోడిగుండుకి సిద్ధమైన ఏడాది పిల్లాడితో ఒక కుటుంబం దిగింది, చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన మెట్టు మెట్టుకీ గోవిందా అంటూ దిగాడు. ఆ తర్వాత బాబాయి దిగాడు. పిన్ని ఆయన చేతిలో సంచి అందుకుంటూ, "మూడొందల టికెట్ కొన్నవాళ్లని కూడా దర్శనానికి ఇలాగే ఆఖర్న వదుల్తారా ఏవండీ?" అని అడిగింది.

పెద్ద విమానాల్లో ముందు తలుపు తెరుస్తారు కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు. కానీ విమానాన్ని టెర్మినల్‌కి దూరంగా నిలబెడితే అందరూ బస్సెక్కాల్సిందే. మొదట దిగినవాడు బస్సులో నిలబడి, ఆఖరివాడు ఎక్కేదాకా వాడి కోసం ఎదురుచూస్తాడు. బెల్టు మీద సామాన్లు ఎవరి వరసనూ అడిగి రావు.

అమెరికా ప్రయాణంలో బాబాయి పాండిత్యం పరాకాష్ఠకి చేరింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు, అక్కణ్నుంచి డల్లాస్ పదహారు గంటలు. విమానాశ్రయంలో లైన్లు తప్పుతాయని ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించాడు. కాళ్ల జాగా కోసం దుబాయ్ దాకా ఎమర్జెన్సీ తలుపు పక్క సీటు కొన్నాడు. శంషాబాద్ కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ వంకా, చక్రాల కుర్చీలో కూర్చున్న బాబాయి వంకా మార్చి మార్చి చూసింది.

"అంకుల్, వీల్‌చైర్ కావాలా, ఎగ్జిట్ సీటు కావాలా? రెండూ కుదరవు."

"అదేంటమ్మాయ్! వీల్‌చైర్ నేల మీదకి, సీటు ఆకాశంలోకి. రెంటికీ సంబంధమేముంది?"

"ఏదైనా అయితే ఆ తలుపు మీరే తెరవాలి అంకుల్."

నిబంధన అమ్మాయి కల్పించింది కాదు. ఆ వరసలో కూర్చునేవాళ్లు అవసరమైతే బరువైన తలుపు తెరవగలగాలి, సిబ్బంది చెప్పింది అర్థం చేసుకుని సాటివాళ్లకి సాయపడగలగాలి. పిల్లల్నీ గర్భిణుల్నీ మరొకరి సాయం కావలసినవాళ్లనీ అక్కడ కూర్చోనివ్వరు. సిబ్బంది వచ్చి, మీకు సమ్మతమేనా అని నోటితో చెప్పించుకుంటారు కూడా. బాబాయి కుర్చీలోంచి చటుక్కున లేచి, కౌంటర్ ముందే రెండు గుంజీలు తీసి చూపించాడు. సీటు దక్కింది, వీల్‌చైర్ పోయింది. దుబాయ్‌లో దిగాక ఆ కొసనుంచి ఈ కొసకి చెమటలు కక్కుతూ నడిచాడు. పిన్ని ఆయన హ్యాండ్ బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని వీల్‌చైర్‌లో ముందు వెళ్తూ మధ్యమధ్య వెనక్కి తిరిగి చూసింది.

ఆ నాలుగు గంటలైనా సుఖపడ్డాడా అంటే, కాళ్లు సుఖపడ్డాయి. ఎదురుగా సీటు లేనిచోట భోజనం బల్ల చేతిపట్టీలోంచి బయటికి వస్తుంది. అందువల్ల ఆ చేతిపట్టీ పైకి లేవదు, సీటు కూడా కాస్త ఇరుకవుతుంది. బాబాయికి కాళ్ల పొడవు తక్కువైనా పొట్ట చుట్టుకొలతలో లోటు లేదు. బల్ల వచ్చి పొట్టకి ఆనింది, పొంగల్ గిన్నె వాలుగా నిలిచింది. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కాళ్ల దగ్గర సంచి పెట్టుకోనివ్వరు కాబట్టి బీపీ మాత్రలు పైన అరలో చిక్కుకుపోయాయి.

దుబాయ్ నుంచి డల్లాస్‌కి మాత్రం బాబాయి పైసా అదనంగా కట్టలేదు. పదహారు గంటలూ పది సీట్ల వరసలో, నడిమి నాలుగింటిలో లోపలి సీటు. నాలుగు గంటలకి కట్టినవాడు పదహారు గంటలకి ఎందుకు కట్టలేదని కొడుకు అడిగితే అసలు మాట బయటపడింది. "దుబాయ్ దాకా మన కాలనీ వాళ్లు ఎవరో ఒకరు ఎక్కుతార్రా. ఆ తర్వాత ఎవడు చూడొచ్చాడు?"

అక్కడే బాబాయి ఆడిట్ తలకిందులైంది. గంట ప్రయాణంలో మంచి సీటుకి వెయ్యి కడితే గంటకి వెయ్యి పడ్డట్టు. పదహారు గంటల ప్రయాణంలో ఎనిమిది వేలడిగితే గంటకి అయిదొందలే. చూడ్డానికి రెండోది దోపిడీలా ఉంటుంది, గంటల మీద పరిస్తే అదే చవక. రాత్రి ప్రయాణమైతే, దిగినరోజే పనిలోకి వెళ్లాల్సి ఉంటే, మనిషి ఆరడుగులుంటే, మోకాళ్లకి ఆపరేషన్ అయి ఉంటే ఆ డబ్బుకి అర్థముంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి దాదాపు 18 గంటలు ఆగకుండా ఎగిరే విమానంలో ఎకానమీ సీట్లే పెట్టలేదు. ఉన్నవి బిజినెస్, ప్రీమియం ఎకానమీ మాత్రమే.

అదనపు కాళ్ల జాగాకీ ప్రీమియం ఎకానమీకీ తేడా కూడా ఉంది. మొదటిదానిలో సీటు వెడల్పు పెరగదు, భోజనం మారదు, మోకాళ్ల ముందు జాగా ఒక్కటే పెరుగుతుంది. బోయింగ్ 777 ఎకానమీలో చాలా కంపెనీలు వరసకి పది సీట్లు బిగిస్తాయి, ఒక్కోటి 17 అంగుళాల చొప్పున. ప్రీమియం ఎకానమీలో వరసకి ఎనిమిదే, ఒక్కోటి 19 పైచిలుకు. అయిదడుగుల మూడంగుళాల మనిషి కొనుక్కోవాల్సింది వెడల్పు. బాబాయి ఇన్నాళ్లూ కొన్నది పొడవు.

పిన్నికి ఈ కొలతలేవీ తెలియవు. ఆవిడ అడిగేదల్లా నడవ పక్క సీటు, లేచి తిరగడానికి. నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అలా రెట్టింపయినా ఆరువేల మందిలో ఒకరికొచ్చే ముప్పే అది. బస్సైనా రైలైనా కారైనా అంతే, తప్పంతా కదలకపోవడానిది. బాబాయి నడిమి సీట్లో ఇటు నిద్రపోతున్నవాణ్ని లేపలేక, అటు లేపితే ఏమనుకుంటాడోనని పదహారు గంటలూ బిగుసుకుని కూర్చున్నాడు. పిన్ని వెనక వంటగది దాకా నాలుగైదు సార్లు నడిచొచ్చి, ఒక ఏలూరు ఆవిడతో వియ్యానికి సరిపడా వివరాలు సేకరించింది.

ఈ వేసవికి మళ్లీ ప్రయాణం పడింది. కొడుకు ఇద్దరికీ ప్రీమియం ఎకానమీ తీస్తానన్నాడు. బాబాయి వెంటనే జీఎస్టీ తీశాడు. ఎకానమీ టికెట్‌కి 5 శాతం. ఆ పై తరగతులన్నిటికీ 12 శాతం ఉన్నదల్లా 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. "పదమూడు శాతం ఎక్కువ పన్ను కట్టి నేను నడుం వాల్చాలా?" అని ఎకానమీయే తీయించాడు.

పది రోజులకి విమానం వాళ్ల దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది: ప్రీమియంలో సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఎంతిస్తారో మీరే చెప్పండి, నచ్చితే ఇస్తాం. కింద ఒక ముల్లు ఉంది. మొత్తం పెంచేకొద్దీ ఎరుపు నుంచి పచ్చకి జరుగుతుంది. బాబాయి ముఖం వెలిగిపోయింది. సర్వీసులో ఇన్ని టెండర్లు చూసినవాడికి ఇదొక లెక్కా! ముల్లుని పచ్చదాకా తీసుకెళ్లి, తల అడ్డంగా ఊపి, ఎరుపులో ఆఖరి కొసకి లాక్కొచ్చి పంపేశాడు. ప్రయాణానికి ముందురోజు జవాబొచ్చింది, మీ ధరకి కుదర్లేదని.

లిఫ్టులో కలిసిన పై ఫ్లాట్ ఆయనకి బాబాయి విషయమంతా వివరించాడు. "ఈసారి ప్రీమియంకి టెండరు వేశామండీ. విమానం మొత్తం మీద ఎల్-వన్ మనమే. నిబంధనల ప్రకారం మనకే రావాలి. వాళ్ల ఆడిటర్లు ఏం చేస్తున్నారో ఏమో!"